అన్నయ్య నడక

ఇస్త్రీ చేసే అతను ఏ కాలు కుంటాలో మరిచిపోయింది ఒక్కసారే. ఈ ఊరికి వచ్చిన కొత్తలో, అద్దెగది చూడడానికి వెళ్ళిన రోజున. వీధి మలుపు దాకా కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చినవాడు, ఇంటావిడ గేటు తీసి "ఎవరు బాబూ?" అనేసరికి కంగారుపడి ఎడమకాలు ఈడ్చాడు. నాలుగడుగులు వేశాక గాని తెలిసిరాలేదు. మెట్ల దగ్గర ఆగి, చెప్పు సర్దుకున్నట్టు వంగి, మళ్ళీ కుడికాలికి మారాడు.

ఇంటావిడ చూసింది. చూడకుండా ఉండే మనిషి కాదు ఆవిడ. వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారో, వచ్చేటప్పుడు చేతిసంచి ఎంత బరువుందో, వెళ్ళేటప్పుడు మొహం ఏ రంగులో ఉందో తెలియకపోతే ఆవిడకి తిన్నది అరగదు. అయినా ఆ రోజు ఏమీ అనలేదు. కిటికీ రెక్క ఎలా బిగించాలో, కుళాయి ఎటు తిప్పితే కారకుండా ఉంటుందో చూపించింది.

"వయసెంత బాబూ?"

"ముప్పై పిన్నిగారూ."

"ముప్పై ఏళ్ళకి ఆ మీసమేమిటి, పిల్లి గీకినట్టు?"

"మా ఇంట్లో అందరికీ అంతే పిన్నిగారూ."

ఆ ముప్పై ఏళ్ళు అన్నయ్యవి. పేరూ అన్నయ్యదే, కుంటికాలూ అన్నయ్యదే. అతనికి సొంతంగా ఉన్నవి ఇరవై నాలుగేళ్ళ వయసు, ఆ మీసం, చేతిలో పని.

అతని దేశంలో మగపిల్లవాడికి పద్దెనిమిది నిండగానే ఇంటికి ఒక కాగితం వస్తుంది. పటాలంలో చేరమని. ఏ రోజు రావాలో అందులో ఉంటుంది గాని, ఏ రోజు తిరిగి పంపిస్తారో ఉండదు. ఈ పద్ధతి మొదలైంది అతను తల్లి కడుపులో ఉండగా; వయసు మీరినవాళ్ళని కూడా పట్టుకెళ్ళిన ఆ మొదటి ఏడాదే వాళ్ళ నాన్న వెళ్ళాడు. మధ్యలో మూడు నాలుగుసార్లు సెలవు మీద చుట్టపుచూపుగా వచ్చి, చివరికి ఇంటికి చేరేసరికి చిన్నకొడుకు గడ్డం గీసుకుంటున్నాడు. వచ్చినాయన మంచం మీద పడుకోలేకపోయేవాడు. నేలమీదే నిద్ర. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చాలు, నిద్రలోంచి లేచి నిటారుగా నిలబడేవాడు. అలా రెండేళ్ళు నిలబడి, ఒకరోజు లేవలేదు.

ఆ మరుసటి ఏడే చిన్నకొడుక్కి కాగితం వచ్చింది. అమ్మ దాన్ని చదవనే లేదు, పొయ్యిలో పెట్టింది. కాగితం కాలింది గాని పేరు కాలదు కదా. అప్పటి నుంచి ఆరేళ్ళు అతను ఒక లాండ్రీ వెనకగదిలో దాక్కున్నాడు. కిటికీ లేని గది. ఇస్త్రీ అక్కడే నేర్చుకున్నాడు. ముందు కాలరు, తర్వాత భుజం, తర్వాత చేతులు, చివరికి వీపు. ఊళ్ళోవాళ్ళ చొక్కాలన్నీ అతని చేతిమీదుగా ఎండలోకి వెళ్ళేవి. అతను మాత్రం వెళ్ళేవాడు కాదు. ఆ మధ్యలో అమ్మ పోయింది. చీకటి పడ్డాక వీధి చివర నిలబడి చూసి వచ్చాడు, అంతే.

అన్నయ్యకి మాత్రం ఆ బాధ లేదు. ఆరేళ్ళప్పుడు ఇంటికప్పు మీదినుంచి పడి కుడికాలు రెండుచోట్ల విరిగింది. సరిగ్గా అతుక్కోక పొట్టిదైపోయింది. కుంటివాడు పటాలానికి పనికిరాడని ముద్ర వేసి మినహాయింపు కాగితం ఇచ్చారు. ఆ దేశంలో పాస్‌పోర్టు దొరికేది ముసలివాళ్ళకీ, ఇలాంటి కాగితం ఉన్నవాళ్ళకీ మాత్రమే. అన్నయ్య వెళ్ళి పాస్‌పోర్టు తీసుకుని, దానితోపాటు మినహాయింపు కాగితం కూడా పట్టుకొచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే అచ్చులో పోసినట్టుంటారు. ఆరేళ్ళ తేడాని ఫోటో పట్టించుకోదు.

"మరి నీకు కాగితం వద్దా అన్నయ్యా?"

"నా కాలే నా కాగితంరా చిన్నోడా. ఎక్కడికి పోయినా నాతోనే వస్తుంది. దాన్ని ఎవడు చింపుతాడు?"

పక్కనున్న వదిన కళ్ళు తుడుచుకుని ప్రయాణానికి రొట్టెలు మూటకట్టింది.

కుంటడం అతనికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. అడుగులు వేయడం నేర్చిందే అన్నయ్య వెనకాల. పసివాడప్పుడు నడకంటే ఇదేననుకుని అచ్చం అన్నయ్యలాగే ఒరుగుతూ నడిస్తే అమ్మ వీపు మీద ఒక్కటిచ్చి "ఇంట్లో ఒకడు చాలడుట్రా?" అని ఏడ్చేది. ఆ దెబ్బలతో మానిన నడకని ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ తీశాడు. సరిహద్దు దగ్గర సిపాయిలు అతన్ని అటూ ఇటూ నాలుగుసార్లు నడిపించి నవ్వారు. ఐదోసారి నడవమనకుండా ముద్ర కొట్టారు.

అలా వచ్చిపడ్డాడు ఈ ఊరికి. ఏడాదికోసారి కొత్త చేసుకోవాల్సిన పని అనుమతి దొరికింది. స్టేషను వెనక వీధిలో లాండ్రీలో పని. అక్కడ ఆవిరి ఇస్త్రీ బల్ల ఉంది. కాలితో పెడల్ తొక్కితే పైరెక్క దిగి బట్టని నొక్కుతుంది. పెడల్ కుడివైపున ఉండేది. యజమాని మంచివాడు. మొదటిరోజు అతని నడక చూసి, మర్నాడే మెకానిక్‌ని పిలిపించి పెడల్‌ని ఎడమవైపుకు మార్పించాడు.

"అయ్యో, ఎందుకు బాబాయ్?"

"ఎందుకేమిటి, అవిటికాలితో రోజంతా తొక్కుతావా? నోరు మూసుకుని పని చేసుకో."

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. కానీ మెకానిక్ నట్లు బిగించేసి చేతులు తుడుచుకుంటున్నాడు. ఒకరి దయ నట్టులా బిగుసుకున్నాక విప్పడం కష్టం. ఆ రోజు నుంచి కుడికాలికి చేయడానికి పనంటూ లేకపోయింది.

మొదటి ఏడాది గదిలో మాత్రం సరిగ్గానే నడిచేవాడు. సాయంత్రం పని నుంచి వచ్చి, గడియ పెట్టి, మంచం నుంచి కిటికీ దాకా తొమ్మిది అడుగులు, కిటికీ నుంచి మంచం దాకా తొమ్మిది. రోజంతా బిగదీసి కట్టిన మూటని విప్పినట్టుండేది. ఒకరోజు అలా నడుస్తుండగా తలుపు చప్పుడైంది. ఆ నడక ధ్యాసలోనే రెండంగల్లో వెళ్ళి తీశాడు. ఎదురుగా ఒక ఆఫీసు మనిషి, అడ్రసు సరిచూసుకోవడానికి వచ్చినవాడు. ఆయన కాళ్ళవైపు చూడనే లేదు. సంతకం పెట్టించుకుని పోయాడు. కానీ కుంటకుండా వచ్చి తలుపు తీశానని ఇస్త్రీ అతనికి అప్పుడు గాని తట్టలేదు. మర్నాటి నుంచి గదిలో కూడా కుంటడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళు గుర్తుపెట్టుకుని కుంటాడు. తర్వాత గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకపోయింది.

ఆరేళ్ళు గడిచాయి. మీసం కూడా నిండింది. వీధిలో పిల్లలకి అతను కుంటి మామయ్య, పెద్దలకి ఇస్త్రీ అబ్బాయి. ఇక ఇదే నా పేరు, ఇదే నా కాలు అనుకుని సర్దుకుంటున్న సమయంలో, మధ్యాహ్నం పూట ఒక తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి ఉండగా వదిన ఫోను చేసింది.

"చిన్నోడా, మీ అన్నయ్యని పట్టుకెళ్ళారు."

"ఎందుకు వదినా? కాలు చూడలేదా?"

"మినహాయింపు వాళ్ళంతా వచ్చి కొత్త ముద్ర వేయించుకోవాలన్నారు. కాగితం పోయింది, ఇంకోటి ఇప్పించండి అని అడగడానికి వెళ్ళాడు. పుస్తకం తీసి చూశారట. ఈ పేరుగలవాడు ఆరేళ్ళ కిందటే దేశం దాటిపోయాడు, నువ్వు వాడి తమ్ముడివి, పటాలం ఎగ్గొట్టినవాడివి, కుంటుతున్నట్టు నాటకాలాడుతున్నావ్ అన్నారు."

"డాక్టరుకి చూపించమనకపోయావా?"

"డాక్టరు నెలకోసారి వస్తాడు, సంతకాలు గిలికి పోతాడు. ఇలాంటి కాళ్ళు చాలా చూశాం అంటున్నారు. బస్తాలు మోయిస్తున్నారట. సరిగ్గా నడిచేదాకా నడిపిస్తారట."

కాలరు మాడిన వాసన వచ్చింది. ఇస్త్రీ నేర్చాక అతను బట్ట మాడ్చడం అదే మొదటిసారి.

"తెలిసిన గుమాస్తా ఒకాయన చెప్పాడు" అంది వదిన. "దేశం దాటినవాడు అన్న కాదు, తమ్ముడు అని నువ్వున్న దేశం సర్కారు ముద్రవేసి రాసిస్తే వదిలేస్తారట. నిన్ను రమ్మనడం లేదు. చెప్పమనీ అనడం లేదు. నీకు తెలియాలి గనక చెప్పాను. చెప్పినట్టు తెలిస్తే మీ అన్నయ్య నన్ను బతకనివ్వడు."

ఫోను పెట్టేశాక అతను మూడు రోజులు తలెత్తకుండా చొక్కా తర్వాత చొక్కా ఇస్త్రీ చేశాడు. నోరు విప్పితే దొంగ పాస్‌పోర్టు మీద వచ్చానని ఒప్పుకున్నట్టే. మెడపట్టి వెనక్కి పంపినా పంపుతారు. అలా తిరిగొచ్చిన వాళ్ళని అక్కడ ఇంటికి కూడా పోనివ్వరు. విమానం మెట్ల దగ్గర నుంచే తీసుకుపోతారు. ఎన్నేళ్ళకో ఎవరికీ తెలియదు. నోరు విప్పకపోతే అన్నయ్య ఆ పొట్టికాలితో బస్తా మోస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ గొయ్యిలో అన్నయ్య ఉన్నాడు.

నాలుగోరోజు సాయంత్రం మెట్లు దిగి ఇంటావిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"పిన్నిగారూ, మీకొక మాట చెప్పాలి. నేను కుంటివాణ్ణి కాదు."

ఆవిడ తలెత్తలేదు. "తెలుసు. కూర్చో. ఊరికే కూర్చోకు, ఒలుపు."

అతను కూర్చున్నాడు. కాయ ఒకటి తీసుకున్నాడు గాని విప్పలేదు. "ఎప్పటి నుంచి తెలుసు?"

"గేటు దగ్గర ఎడమకాలు కుంటలేదూ? అప్పటి నుంచి. ఆ తర్వాత ఏడాదిపాటు నా నెత్తిమీదే నడిచావు కదా. తొమ్మిది అడుగులు, ఆగడం, మళ్ళీ తొమ్మిది. మా ఆయన నడక కూడా నాకు అంత బాగా తెలియదు."

"మరి ఒక్కసారీ అడగలేదే?"

"అడగాలని నాలుక ఎంత పీకిందో నీకేం తెలుసు అబ్బాయ్. పుట్టి బుద్ధెరిగాక ఒక సంగతిని ఆరేళ్ళు కడుపులో దాచుకున్నది ఇదొక్కటే. పక్కింటామె ఎన్ని రకాలుగా కూపీ లాగిందో." ఆవిడ గిన్నెలో గింజలు కదిపింది. "అడిగితే అబద్ధం చెబుతావు. చెప్పాక నా మొహం చూడలేవు. మంచి అద్దెవాణ్ణి పోగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను. తర్వాత ఒకరోజు ఆ అడుగులు ఆగిపోయాయి. పైనా కుంటడమే. అప్పుడు మాత్రం నాకు భయమేసింది."

అతను అంతా చెప్పాడు. బఠాణీలు అయిపోయినా ఆవిడ లేవలేదు.

"చెబితే నిన్ను పంపించేస్తారా?"

"పంపొచ్చు. పంపకపోవచ్చు కూడా. పటాలం భయంతో పారిపోయి వచ్చాను, ఉండనివ్వండి అని అడగొచ్చట. ఇస్తారో లేదో ఎవరూ చెప్పలేరు."

ఎవరింట్లో ఏ తగువొచ్చినా పిలవకుండానే సలహా చెప్పే ఆవిడ ఆ రోజు ఏ సలహా చెప్పలేదు. తొక్కలు చెంగులోకి ఎత్తుకుంటూ "ఎన్నింటికి తీస్తారు ఆ ఆఫీసు?" అని అడిగింది. "నేనూ వస్తాను. ఒక్కడివే వెళితే నువ్వు గేటు దాకా వెళ్ళి తిరిగొస్తావు."

మర్నాడు సెలవడగడానికి వెళ్ళి యజమానికి కూడా చెప్పాడు. ఆయన చాలాసేపు పెడల్ వంక చూశాడు.

"ఆరేళ్ళు ఎడమకాలితోనే తొక్కావు కదరా."

"మార్పించిన రోజే చెబుదామనుకున్నాను బాబాయ్. మెకానిక్ అప్పటికే..."

"ఇంక ఈ కుంటిసాకులు..." అని ఆయనే ఆగిపోయాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు. "వెళ్ళు. చొక్కాలు నేను చూసుకుంటాను. నాకు పట్టలేదనుకోకు, మాడ్చిన కాలరు దగ్గరే నాకు అనుమానమొచ్చింది ఏదో జరిగిందని."

ఆఫీసులో ఒక పొడుగాటి గది, గోడ వారగా కుర్చీలు, చివర బల్ల. బల్ల వెనక కళ్ళద్దాల ఆఫీసరమ్మ. అతను చెప్పిందంతా ఆవిడ ఓపిగ్గా రాసుకుంది. పాస్‌పోర్టు విప్పి చూసింది.

"మీరు ఏమంటున్నారో మీకు తెలుస్తోందా? ఈ పేరు మీది కాదంటున్నారు."

"మా అన్నయ్యదండి."

"ఇందులో గుర్తు రాసి ఉంది. కుడికాలు పొట్టి అని. మీరు తలుపులోంచి ఇక్కడిదాకా కుంటుతూనే వచ్చారు. నేను చూశాను."

"అలవాటండి. మామూలుగా నడవగలను."

"అయితే తలుపు దాకా వెళ్ళి నడిచి రండి."

అతను లేచాడు. ఇంతకంటే సులువైన పని ఉందా? చంటిపిల్లలు చేసే పని. తలుపు దగ్గరికి వెళ్ళి, తిరిగి నిలబడి, ఊపిరి పీల్చుకున్నాడు. మొదటి అడుగు బాగానే పడింది. రెండో అడుగుకి నడుము దానంతటదే కుడివైపుకి ఒరిగింది. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. కుడికాలి మీద బరువు వేయబోతే పిక్క వణికి, తుంటిలో సూది గుచ్చినట్టయింది. ఎలా దించాలో, మడమ ముందా వేళ్ళు ముందా, ఆలోచించేసరికి అసలే తెలియకుండా పోయింది. కుర్చీల్లోని వాళ్ళు కాగితాలు వదిలి అతని కాళ్ళవంకే చూస్తున్నారు. సరిహద్దు దగ్గర ఇలాగే చూశారు. అప్పుడు కుంటుతూ నడవాలంటే నడిచాడు. ఇప్పుడు మంచిగా నడవమంటే రావడం లేదు.

బల్ల దాకా వచ్చేసరికి మొహమంతా చెమట.

"మీరు కుంటుతున్నారు" అంది ఆఫీసరమ్మ, మెల్లగానే.

ఇంటావిడ ఉండబట్టలేక లేచింది. "అమ్మా, ఈ అబ్బాయి చక్కగా నడిచేవాడు. ఏడాదిపాటు నా చెవులతో విన్నాను."

"విన్నారా? చూడలేదా?"

"పై గది కదమ్మా. నిచ్చెన వేసుకుని చూస్తే బాగుంటుందా?"

ఆఫీసరమ్మ పెదవి కొంచెం కదిలింది గాని అది నవ్వు దాకా రాలేదు. "విన్నదానికి ముద్ర వేయలేనండి." అతనివైపు తిరిగింది. "మీ అన్నయ్యకి ఎముక విరిగిందన్నారు. మీకు ఎప్పుడైనా విరిగిందా?"

"లేదండి."

"అయితే ఎక్స్‌రే తీయిద్దాం. ఐదు వారాల తర్వాత డాక్టరు దగ్గర తేదీ ఉంది. ఆయన ఎముకా చూస్తారు, నడకా చూస్తారు. రెండూ ఒకే మాట చెప్పాలి. ఎముక ఒకటీ నడక ఒకటీ చెబితే ఇంకో డాక్టరు, ఇంకో తేదీ. అది నెలలు పట్టొచ్చు."

"తేలితే కాగితం ఇస్తారా అండి? మా అన్నయ్య కోసం?"

"అదే రోజు ఇస్తాం. మిమ్మల్ని ఏం చేయాలన్నది వేరే విచారణ. దాని గురించి నేను మాట ఇవ్వలేను."

"ముందు కాగితం ఇప్పించండి చాలు" అన్నాడు.

పాస్‌పోర్టు ఆవిడ దగ్గరే ఉంచుకుని, ఒక ఫారం ముందుకు తోసి సంతకం పెట్టమంది. అతని చెయ్యి అలవాటుగా అన్నయ్య పేరు సగం రాసేసింది. దాన్ని కొట్టేసి, పక్కన తన పేరు రాశాడు. ఆరేళ్ళలో మొదటిసారి. అక్షరాలు బడిపిల్లవాడి రాతలా వంకరటింకరగా వచ్చాయి.

తిరిగి వస్తుంటే వీధి మలుపులో ఇంటావిడ ఆగి, "ఎముక విరగలేదుగా, నిజం చెప్పు" అంది.

"నిజం పిన్నిగారూ."

"అయితే ఆ కాలికి చెప్పిన మాట వినడం నేర్పాలి. అంతేగా."

మర్నాడు లాండ్రీకి వెళ్ళేసరికి యజమాని బల్ల కింద దూరి ఉన్నాడు. ఈసారి మెకానిక్‌ని పిలవలేదు, స్పానర్ తనే పట్టుకున్నాడు. పెడల్ కుడివైపుకి వచ్చింది. మొదటి రోజు నాలుగు దుప్పట్లకే కుడికాలు పట్టేసింది. పది చొక్కాలు ముడతలతోనే మిగిలిపోయాయి. బట్టల కోసం వచ్చినవాళ్ళెవరినీ ఆయన అతన్ని ఒక్క మాట అననివ్వలేదు. "యంత్రం కొత్తగా బిగించాం, రేపు రండి" అని తానే సర్దిచెప్పాడు.

సాయంత్రం గదిలో నడక. తొమ్మిది అడుగులు, ఆగడం, తొమ్మిది అడుగులు. కింద ఇంటావిడ కుర్చీ వేసుకుని, చేతిలో పొడుగు చీపురుకర్ర పట్టుకుని కూర్చుంటుంది. కుడిపాదం తేలిగ్గా పడితే ఆవిడకి తెలిసిపోతుంది. కర్రతో కప్పుమీద రెండుసార్లు కొడుతుంది. మొదటి వారంలో మూడో అడుగుకే కర్ర తగిలేది. రెండో వారం ఐదో అడుగు. పక్కింటామె వచ్చి "కప్పుమీద ఎలుకలా?" అని అడిగితే "ఒక్కటే. దారిలో పెడుతున్నాను" అందట.

ఆదివారం వదిన ఫోను చేసింది. అన్నయ్యని వేరే గుడారానికి మార్చారట. కాలు వాచిందట. ఇంకా నడిపిస్తూనే ఉన్నారట. "ఎవరో చూసొచ్చినవాళ్ళు చెప్పారు. సరిగ్గా నడువు అని అరిస్తే, ఇదే నా సరి అన్నాడట" అంది. తను ఆఫీసుకి వెళ్ళిన సంగతి అతను చెప్పాడు. వదిన "అన్నం తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాడు. తినలేదు.

డాక్టరు తేదీకి ఇంకా పదకొండు రోజులున్నాయి. ఫోను మంచం మీద పెట్టి, అతను గోడకి వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. అన్నయ్య నడకలో అన్నయ్య ఒక్కడే నడవాలి. ఆ మాట లోపల అనుకుని అడుగు వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో అడుగు నొప్పిగానే పడింది గాని పడింది. ఆరో అడుగుకి నడుము ఒరిగింది.

కింద నుంచి కర్ర రెండుసార్లు తగిలింది.

కిటికీ దాకా వెళ్ళకుండానే వెనక్కి తిరిగి, మంచం దగ్గరికి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.